ఒక పన్ను, రెండు ఇంప్లాంట్లు, మధ్యలో విటమిన్ డి: నా అనుభవం

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి నేనూ మాట్లాడినట్టే రాసేస్తున్నాను. నాకు 47 ఏళ్ళు, ఇంట్లోనే లేడీస్ టైలరింగ్ చేస్తాను. 2025 ఫిబ్రవరి 22న, కింద కుడివైపు నా దవడ పన్ను పని పూర్తయింది. మొదలైంది 2023 సెప్టెంబర్‌లో. ఒక్క పన్నుకి పదిహేడు నెలలు. మధ్యలో ఏటేటి జరిగిందో వరసగా చెప్తాను. నాకు మొదటిసారి ఫెయిలైనప్పుడు ఇలాగ ఇంకెవరికైనా అయిందా అని ఫోన్ పట్టుకుని రాత్రులు వెతికేను, మన తెలుగులో నాలాంటి మామూలు మనిషి రాసింది ఒక్కటీ కనపడలేదు.

ఆ పన్నుకి అంతకు ముందే రూట్ కెనాల్ అయింది. కేప్ వేయించుకోమ్మా అని అప్పుడే చెప్పేరు, పండగలయ్యాక చూద్దాంలే అని వదిలేసేను. చేగోడీ కొరికితే పన్ను నిలువునా చీలిపోయింది. 2023 సెప్టెంబర్ 14న పీకించేను. తర్వాత రెండు దారులు చెప్పేరు, అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళు అరగదీసి బ్రిడ్జి వేయడం ఒకటి, ఎముకలోకి స్క్రూ దించి దాని మీద పన్ను కట్టడం రెండోది. ఏ తప్పూ చెయ్యని పళ్ళని ఎందుకు అరగదీయించుకోవాలి అనిపించింది, డిసెంబర్‌లో చీటీ పాడేను, ఆ డబ్బుతో ఇంప్లాంటే వేయించుకుందామని అనుకున్నాం.

మొదటి క్లినిక్ బోర్డరుకి ఆంధ్రా వైపు టౌన్లో ఉంది, పేరు చెప్పను. మొత్తం 28,000, అందులో స్క్రూ పెట్టే రోజు 18,000, పన్ను పెట్టేటప్పుడు మిగతా 10,000. షుగరుందా, బీపీ ఉందా అని అడిగేరు, వేలు గుచ్చి షుగర్ చూసేరు, ఒక ఎక్స్‌రే తీసేరు, అంతే. 2024 జనవరి 29న పెట్టేరు. పీకించుకున్నప్పటి కంటే నొప్పి తక్కువ, అది మాత్రం నిజం. మత్తు ఇచ్చేక దవడలోంచి చెవిలోకి మోటారు దడ ఒకటే తెలుస్తుంది, నా మిషన్ మోటారు అరిగిపోయినప్పుడు బల్ల మీద చెయ్యి పెడితే ఎలాగ ఉంటుందో అలాగ. అరగంటలో అయిపోయింది. మూడు రోజులు బుగ్గ ఉబ్బింది, ఐస్ పెట్టుకున్నాను, ఎనిమిదో రోజున కుట్లు తీసేరు. మూడు నెలలు ఆగాలి, ఎముక పట్టుకోవాలి అన్నారు.

ఆ మూడు నెలలూ నాకు ఏ బాధా లేదు. నొప్పి లేదు, చీము లేదు, వాపు లేదు. ఇది గట్టిగా చెప్తున్నాను ఎందుకంటే లోపల ఏదైనా తేడా వస్తే మనకి తెలిసిపోతుంది అనుకుంటాం, తెలీదు.

2024 ఏప్రిల్ 30, మంగళవారం. లెక్కేసుకుంటే 92వ రోజు. పైనున్న చిన్న మూత తీసి కొలత తీసుకుంటాం అని పిలిచేరు. డాక్టరు గారు చిన్న స్క్రూడ్రైవర్ లాంటిది పెట్టి తిప్పుతున్నారు, మూత ఊడి రావాలి కదా, మూతతో పాటు లోపల ఇంకేదో తిరుగుతోంది. నాకే తెలుస్తోంది. ఆయన చెయ్యి ఆగిపోయింది. అసిస్టెంటు అమ్మాయి ఆయన ముఖం చూసింది, నేను ఆ అమ్మాయి ముఖం చూసేను. ఇంకో రెండు తిప్పులు తిప్పి మొత్తం స్క్రూ చేత్తోనే తీసేసేరు. మత్తు ఇంజక్షన్ కూడా అవసరం లేపోయింది. 18,000 రూపాయల స్క్రూ, మూడు నెలలు నా ఎముకలో ఉన్నది, వదులైపోయిన మేకులాగ వచ్చేసి స్టీలు ట్రేలో పడింది.

"మీ బాడీ యాక్సెప్ట్ చెయ్యలేదమ్మా" అన్నారు ఆయన. కసిరినట్టు కాదు, నెమ్మదిగానే అన్నారు. రెండు నెలలయ్యాక రండి, స్క్రూకి డబ్బు తీసుకోకుండా ఇంకోటి పెడతాను అని కూడా అన్నారు. కానీ ఆ ఒక్క మాట నా గుండెల్లో ఉండిపోయింది. నా ఒళ్ళు ఒప్పుకోలేదట. పాతపట్నం మీదుగా బస్సులో వస్తుంటే చున్నీ అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను, మా ఆయన పక్కన కూర్చుని ఏమీ అనలేదు, చెయ్యి పట్టుకున్నారు అంతే. ఇంటికొచ్చేక మా అత్త "పోన్లేమ్మా, పన్నే కదా, ప్రాణం కాదు కదా" అంది. ఆవిడ ఓదార్పుకే అంది, నాకు మాత్రం ఇంకా దుఃఖం వచ్చింది. ఒక నెలన్నర బ్లౌజులు కుట్టిన డబ్బు అది.

అప్పట్నించి నాకు ఒకటే ఆలోచన, నేనేం తప్పు చేసేను అని. మూడో వారంలో పెళ్ళికెళ్ళినప్పుడు పలాస జీడిపప్పు వేయించింది పెడితే మర్చిపోయి కుడివైపు నమిలేను, అదేనేమో. వేడి టీ తాగేనేమో. అలాగ రోజుకొక కారణం.

మా అప్ప, అంటే అక్క, విశాఖపట్నంలో ఉంటుంది. "ఒకసారి ఇక్కడ ఇంకో డాక్టరుకి చూపిద్దాం రావే" అని గట్టిగా పట్టుపట్టింది. మే 13న మాకూ ఆంధ్రాకీ ఒకే రోజు ఎలక్షన్లు, బస్సులూ రైళ్ళూ ఓటెయ్యడానికి వచ్చిన వాళ్ళతో నిండిపోయేయి, అవి తగ్గేక మే 18 శనివారం వెళ్ళేను.

ఈ డాక్టరమ్మ నోరు చూడకముందు ఇరవై నిమిషాలు ప్రశ్నలే అడిగేరు. పాత ఎక్స్‌రే చూసేరు. పొగాకు అలవాటుందా అని ఊరికే అడిగి వదల్లేదు, "గుడాకు, అదే పొగాకు పేస్టు, పెట్టుకుంటారా పళ్ళకి? మీ వైపు చుట్ట అడ్డపొగ తాగే ఆడవాళ్ళు ఉన్నారు కదా, మీకుందా?" అని పేరుపేరునా అడిగేరు. నాకు ఆశ్చర్యమేసింది, మా అమ్మమ్మ నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట తాగేది, మా అత్తకి ఇప్పటికీ గుడాకు డబ్బా లేందే తెల్లారదు. నాకు లేదని చెప్పేను. నిద్రలో పళ్ళు కొరుకుతారా, నెలసరి వస్తోందా ఆగిపోయిందా, గేస్ మాత్రలు రోజూ వేసుకుంటారా, ఎముకలకి ఏవైనా ఇంజక్షన్లు చేయించుకున్నారా అని అడిగేరు. చివర్లో, రోజుకి ఎంతసేపు ఎండలో ఉంటారు అన్నారు.

నేను ధైర్యంగా చెప్పేను, మేడమ్ నేను రోజంతా ఎండలోనే ఉంటాను, మిషన్ కిటికీ దగ్గరే, పొద్దున్నించి మూడింటి దాకా ఎండ నా చేతుల మీదే పడుతుంది అని. కిటికీకి అద్దం ఉందా అన్నారు. ఉంది, దుమ్ము పడకుండా మూసే ఉంచుతాను, బట్టలు పాడవుతాయి కదా. "అయితే మీరు ఎండలో లేనట్టేనమ్మా, డి విటమిన్ తయారు చేసే కిరణాలు అద్దం దాటి రావు. వేడి వస్తుంది, వెలుతురు వస్తుంది, అది మాత్రం రాదు" అన్నారు.

పదేళ్ళుగా ఆ కిటికీ దగ్గరే కూర్చుంటున్నాను నేను.

బాడీ యాక్సెప్ట్ చెయ్యలేదన్న మాట నేనే ఎత్తేను, చెప్తుంటే గొంతు పట్టేసింది. ఆవిడ అది సరైన మాట కాదన్నారు. కిడ్నీ మారిస్తే ఒళ్ళు తిప్పికొడుతుంది చూడండి, ఈ స్క్రూ చేసే టైటానియం లోహానికి అలాగ జరగదట. ఎముకే వచ్చి స్క్రూని పట్టుకోవాలి, అది పట్టుకోకపోతే మధ్యలో మెత్తటి పొర వచ్చి వదులైపోతుంది. స్వీడన్లో బ్రేనెమార్క్ అనే డాక్టరు 1952 ప్రాంతంలో కుందేళ్ళ కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టి పరీక్షలు చేస్తే చివరికి ఆ గొట్టం ఊడి రాలేదట, ఎముక అంత గట్టిగా పట్టేసింది, అలాగే ఇదంతా బయటపడింది, 1965లో మొదటి మనిషికి పళ్ళకి పెట్టేరు, ఆయన నలభై ఏళ్ళు వాటితోనే తిన్నాడు అని చెప్పేరు. వినడానికి నాకు ఎంతో ఊరటగా ఉంది. మరి నా ఎముక ఎందుకు పట్టుకోలేదు అంటే దానికి చాలా కారణాలుంటాయి, డ్రిల్లు వేడెక్కడం, ఇన్ఫెక్షన్, ముందుగానే బరువు పడటం, షుగర్, పొగాకు, అందులో డి ఒకటి అన్నారు. డి తక్కువైతే తిన్న కాల్షియం పేగుల్లోంచి సరిగా ఒంట్లోకి చేరదు, కొత్త ఎముక గట్టిపడాల్సిన చోట గట్టిపడదు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పేరు, అందుకే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది. 2018లో ఇటలీ డాక్టర్లు 885 మందికి పెట్టిన 1740 ఇంప్లాంట్లు లెక్క చూసేరట. మిల్లీలీటరు రక్తంలో డి 10 నానోగ్రాముల కంటే తక్కువున్న వాళ్ళలో 11.1 శాతం మందికి మొదట్లోనే ఊడిపోయేయి, 10 నించి 30 మధ్య వాళ్ళలో 4.4 శాతం, 30 దాటిన వాళ్ళలో 2.9. చూడ్డానికి తేడా పెద్దదే, కానీ 10 కంటే తక్కువున్న వాళ్ళు అందులో చాలా కొద్దిమందే, కాబట్టి లెక్కల ప్రకారం రుజువైనట్టు కాదమ్మా అన్నారు. రుజువు కాలేదు కదా మరి టెస్టు ఎందుకు అన్నాను. "1,250 రూపాయల టెస్టు, తక్కువుంటే మూడు వందల రూపాయల మందు. మళ్ళీ ఇంకో స్క్రూ పోతే మీకు ఎంత? పైగా అంత తక్కువుంటే ఇంప్లాంటు సంగతి వదిలెయ్యండి, మీ నడుముకీ మోకాళ్ళకీ కూడా మందు కావాలి" అన్నారు. ఇంక నేను మాట్లాడలేదు.

మే 20 సోమవారం మా ఊళ్ళోనే రక్తం ఇచ్చేను. మా దగ్గర ఈ టెస్టు చెయ్యరు, తీసుకుని బయటికి పంపుతారు, రెండు రోజులు పట్టింది. రక్తం తీసే ఒడియా కుర్రాడు "మాఉసీ, జుట్టుకి ఏవైనా మాత్రలు వేసుకుంటున్నారా" అని అడిగేడు. జుట్టు రాలుతోందని బయోటిన్ వేసుకుంటున్నాను అప్పటికి. ఎప్పుడు వేసుకున్నారంటే వారం కిందట అయిపోయేయి, కొత్త డబ్బా కొనలేదన్నాను, అయితే ఫరవాలేదన్నాడు. ఆ మాత్రలు వేసుకుంటూ రక్తం ఇస్తే కొన్ని మిషన్లలో డి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. ఎవరు చెప్తారు ఇలాంటివి మనకి, ఆ పిల్లాడు అడక్కపోతే నాకు జన్మలో తెలిసేది కాదు.

22న రిపోర్టు వచ్చింది. 8.9. రిపోర్టులోనే కింద రాసుంటుంది, 20 కంటే తక్కువైతే లోపం, 20 నించి 30 చాలదు, 30 దాటితే బాగున్నట్టు అని. నాది 8.9. మూడు నెలల సగటు షుగర్ టెస్టు 5.8, అది కొంచెం అంచు మీదుంది అన్నారు. కాల్షియం, కిడ్నీల పని చూసే క్రియాటినిన్ బాగానే ఉన్నాయి. ఆ 8.9 చూసినప్పుడు భయపడాలి కదా, నాకు మాత్రం బరువు దిగినట్టయింది. కారణం ఇదో కాదో ఏమో గానీ, సరి చేసుకోగలిగేది ఒకటి దొరికింది.

పళ్ళ డాక్టరమ్మ తనే మందు రాయలేదు, మీ ఊళ్ళో ఫిజీషియన్‌కి చూపించండి అన్నారు. ఆయన ఫీజు 500. కిడ్నీలో రాళ్ళు వచ్చేయా ఎప్పుడైనా అని అడిగి, 60,000 ఐయూ (డి మందుకి కొలత అది) పొడి సాషేలు, అంటే చిన్న పొట్లాలు, ఎనిమిది రాసేరు, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు, తర్వాత నెలకొకటి. ఇక్కడ అందరూ జాగ్రత్తగా చదవండి. వారానికి ఒకటి. రోజుకొకటి కాదు. ఆయన దగ్గరికి రోజుకొకటి వేసేసుకుని వాంతులతో, దాహంతో, కాల్షియం పెరిగిపోయి వచ్చినవాళ్ళున్నారట. అందుకని నా చీటీ మీద పెద్దక్షరాలతో "ఆదివారం" అని రాసి గుండ్రంగా సున్నా చుట్టేరు. మా ఆయన కేలండర్లో ఎనిమిది ఆదివారాలకి టిక్కులు పెట్టేరు. సాషే పాలల్లో కలుపుకుని, నూనో నెయ్యో ఉన్న భోజనం తర్వాత తాగమన్నారు, కొవ్వుతో అయితేనే ఒంటికి పడుతుందట. అందుకే ఆదివారం పెట్టుకున్నాను, మా ఇంట్లో ఆదివారం చేపల పులుసో కోడికూరో ఉంటుంది.

మే 26న మొదటిది. దాంతో పాటు ఎండ. మా వీధిలో అందరూ ఒకటే సలహా, పొద్దున్నే ఆరింటికి లేత ఎండలో నడువు అని. లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ డి కి అది చాలదట, మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పుడు పడే ఎండే పనికొస్తుంది అని ఫిజీషియన్ చెప్పేరు. మే నెల పర్లాకిమిడి ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. పదకొండు దాటేక మేడ మీద వడియాలు పెట్టుకుంటూ, చేతులు మోచేతుల పైదాకా వదిలేసి, పదిహేను నిమిషాలు ఉండి దిగిపోయేదాన్ని, తల మీద తువ్వాలు. ఎండ దెబ్బ తగిలేంత సేపు అక్కర్లేదు అని ఆయనే చెప్పేరు. జూన్ మధ్యలో మబ్బులొచ్చేసేయి, ఇంక సాషేలే దిక్కు.

ఏడో సాషే జులై 7న పడింది, అది రథయాత్ర రోజు. మా ఊళ్ళో జగన్నాథుడి రథం లాగుతుంటే ఊరంతా రోడ్డు మీదే. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని సాషే తాగి సాయంత్రం మళ్ళీ వెళ్ళేను. ఆ రోజు చాలాసేపు నిలబడ్డాను, నడుము పట్టెయ్యలేదు. ముందు సంవత్సరం గంట నిలబడితే కూర్చోడానికి అరుగు వెతుక్కున్నాను. మందు వల్లేనని నేను ప్రమాణం చెయ్యలేను, కానీ నాకు తేడా తెలిసింది.

జులై 14తో ఎనిమిదీ అయిపోయేయి. ఆగస్టు 30న అప్ప దగ్గరికెళ్ళినప్పుడు విశాఖలోనే మళ్ళీ రక్తం ఇచ్చేను, మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. రాత్రికి ఫోన్లో రిపోర్టు వచ్చింది, 86! నేను ఎగిరి గంతేసినంత పని చేసేను, 8.9 నించి 86. అంతలోనే భయం, మరీ ఎక్కువైపోయిందా, ఏదైనా అవుతుందా అని. మా అమ్మాయి ఫోన్ తీసుకుని పెద్దది చేసి చూసి "అమ్మా, ఇది వేరే కొలతలో ఉందే, నానోగ్రాముల్లో కాదు నానోమోల్స్‌లో ఇచ్చేరు, రెండున్నరతో భాగించు" అంది. భాగిస్తే 34.4. ఒక్కో లేబ్ ఒక్కో కొలతలో ఇస్తుందని ఎవరూ చెప్పరు, మీరు రెండు చోట్ల చేయించుకుంటే అంకె పక్కన చిన్నక్షరాల్లో ఏముందో చూసుకోండి. 34.4 బాగుంది, చాలు అన్నారు డాక్టరమ్మ మర్నాడు. అదే రోజు సీబీసీటీ స్కాన్, అంటే దవడ ఎముకని అన్ని వైపుల నించీ చూపించే ఎక్స్‌రే, తీసేరు, 1,800, నిలబడితే మిషన్ తల చుట్టూ తిరుగుతుంది, నిమిషం కూడా పట్టలేదు. పాత స్క్రూ తీసిన గుంత ఎముకతో పూడిపోయింది, వేరే ఎముక పొడి వెయ్యక్కర్లేదు అన్నారు.

సెప్టెంబర్ 21 డేట్ ఇచ్చేరు. మా అత్త మహాలయ పక్షాలమ్మా, ఈ రోజుల్లో కొత్తగా ఒంట్లోకి ఏదీ పెట్టించుకోవద్దు అంది. మా ఆయన వాదించబోయేరు గానీ నేనే ఆగుదామన్నాను, ఇన్నాళ్ళు ఆగినదాన్ని ఇంకో నెల ఆగలేనా, రెండోసారి ఏదైనా అయితే ఆవిడ మనసులో ఆ మాట ఉండిపోతుంది. దసరా వెళ్ళేక అక్టోబర్ 19 శనివారం పెట్టేరు. చల్లటి నీళ్ళు పోస్తూ, ఆగి ఆగి డ్రిల్లు చేసేరు, పాత చోట కంటే ఎక్కువసేపు పట్టింది. పెట్టిన వెంటనే ఒక చిన్న పరికరం దగ్గర పెట్టి ఎంత గట్టిగా ఉందో అంకె చెప్పేరు, దాన్ని ఐఎస్‌క్యూ అంటారట, నాది 66. ఆ అంకె నేను చీటీ మీద రాయించుకున్నాను.

కుట్లు 26న తీయాలి. అదే వారం దానా తుఫాను, రైళ్ళు వరసగా కేన్సిల్, ఇక్కడ ఒకటే ముసురు. కుట్లతోనే ఉండి 28న వెళ్ళేను. రెండు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదన్నారు, ఆ రెండు రాత్రులు నాకు మాత్రం నిద్ర లేదు.

ఆ మూడు నెలలు ఎలాగ గడిచేయో చెప్పలేను. మొదటిసారి ఏ బాధా లేకుండానే ఊడిపోయింది కదా, కాబట్టి బాధ లేకపోవడం నాకు ధైర్యం ఇవ్వలేదు. నాలుక అస్తమానూ అక్కడికే పోయేది. మిషన్ తొక్కుతుంటే దవడ బిగపడుతున్నానేమో అని మధ్యలో ఆగి నోరు వదులు చేసుకునేదాన్ని. దీపావళి, సంక్రాంతి అన్నీ ఎడమవైపే, అరిసెలు పాలల్లో నానబెట్టుకుని తిన్నాను, జంతికలు ముట్టలేదు. చలికాలం మేడ మీద ఎండ బాగుంటుంది కాబట్టి మధ్యాహ్నం అన్నం పళ్ళెం పట్టుకుని పైకే వెళ్ళిపోయేదాన్ని. నెలకొక సాషే తప్పలేదు.

2025 జనవరి 25. కుర్చీలో కూర్చోగానే చేతులు చల్లబడిపోయేయి. డాక్టరమ్మకి చెప్పేను, మేడమ్ పోయినసారి ఇక్కడే తిరిగింది అని. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, ఒక్కో అడుగు చెప్పి చేస్తాను అన్నారు. మూత తిప్పేరు. మూత ఒక్కటే వచ్చింది. లోపలిది కదల్లేదు. నేను నోట్లో వేళ్ళు ఉండగానే అడిగేను, ఇంకోసారి చూడండి అని. చూసేరు. కదల్లేదు. అంకె కొలిచేరు, 74. బయట కూర్చున్న మా ఆయనకి నేను చెప్పలేదు, వచ్చి చీటీ చూపించేను, 66 కింద 74. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఫిబ్రవరి 8న కొలత తీసుకున్నారు, 22న జిర్కోనియా అనే పింగాణీ లాంటి దాంతో చేసిన పన్ను బిగించేరు. ఆ రోజు నాకు తెలీని విషయాలు రెండు. మొదట పెట్టగానే పన్ను ఎత్తుగా తగిలింది, నీలం కాగితం కొరికించి నాలుగుసార్లు అరగదీసేరు, ఎత్తుగా ఉన్నా సర్దుకుపోదాం అనుకోకండి, దానికి మామూలు పన్నులాగ కింద మెత్తన ఉండదు, బరువంతా సూటిగా ఎముక మీదే పడుతుంది. రెండోది, పన్ను మొదట్లో సందు ఉంటుంది, మెతుకులు ఇరుక్కుంటాయి, చిన్న బ్రష్ పెట్టి రోజూ తీసుకోవాలి, లేపోతే కొన్నేళ్ళయ్యాక చుట్టూ చిగురు పాడై మళ్ళీ మొదటికొస్తుంది.

ఖర్చు రాస్తాను, అందరూ మొదట అడిగేది అదే. రెండోసారి స్క్రూ 30,000, పన్ను 9,000, స్కాన్ 1,800, డి టెస్టులు రెండు 2,500, మిగతా రక్త పరీక్షలు 1,400, ఫిజీషియన్ 500, సాషేలు నెలనెలావి కూడా కలిపి 400, మిగతా మందులు 1,100. అంటే 46,700. విశాఖకి ఏడుసార్లు ఇద్దరి చార్జీలు ఇంకో ఏడు వేలు. మొదటిసారి పోయిన 18,000 కలిపితే 71,700. మాకున్న ఇన్సూరెన్సులో పళ్ళకి పైసా రాదన్నారు. ఇందులో డి కోసం ఖర్చయింది టెస్టులు, ఫిజీషియన్, సాషేలు కలిపి 3,400.

మొదటి డాక్టరు గారి మీద నాకు కోపం పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను. స్క్రూ ఊడినందుకు కాదు, ఎవరికైనా ఊడొచ్చు. అడగనందుకు. నలభై దాటిన ఆడమనిషి, ఇంట్లో కూర్చుని పని చేసుకుంటుంది, ఎముక మీద ఆధారపడే పని చేయబోతున్నారు, ఎముక గురించి ఒక్క ప్రశ్న లేదు. ఊడేక కూడా కారణం వెతకలేదు, రెండు నెలల్లో ఇంకోటి పెట్టేస్తానన్నారు. నేను ఆ మాటకి ఒప్పుకునుంటే ఆ 8.9 తోనే రెండోది కూడా పెట్టించుకునేదాన్ని. అది నిలిచేదేమో కూడా, చెప్పలేం. మొదటిది డి వల్లే పోయిందని నేను ఇప్పటికీ అనలేను, ఆ జీడిపప్పే కావచ్చు, డ్రిల్లు వేడే కావచ్చు. రెండోసారి డాక్టరూ మారేరు, ఊరూ మారింది, నేనూ జాగ్రత్తగా ఉన్నాను, ఇందులో దేని వల్ల నిలిచిందో విడదీసి చూపించడం నా వల్ల కాదు. కానీ ఇంప్లాంటుకి వెళ్ళేవాళ్ళు స్క్రూ పెట్టే ముందే ఆ ఒక్క రక్తం టెస్టు రాయమని నోరు తెరిచి అడగండి. తక్కువుంటే మూడు నెలలు వెనక్కి జరిపించుకోండి. పన్ను లేకుండా ఎలాగూ ఉంటున్నాం.

మొన్న కుడివైపుతో మొదటిసారి మొక్కజొన్న పొత్తు తిన్నాను. మెల్లగా, సగమే. రుచి కంటే ఆ చప్పుడు బాగుంది, పదిహేడు నెలలు నా తలకి కుడివైపు నమిలే చప్పుడే లేదు.

కిటికీ అద్దం ఇప్పుడు మధ్యాహ్నం పూట తీసేస్తున్నాను, బట్టల మీద దుప్పటి కప్పుకుని. మా అత్తకి కూడా టెస్టు చేయించేం, 72 ఏళ్ళు, ఆవిడది 11 వచ్చింది. గుడాకు మానమంటే మానదు గానీ సాషే మాత్రం ఇష్టంగా తాగుతోంది, పాలల్లో బెల్లం వేసి ఇమ్మంటుంది. ఈ ఆదివారం ఆవిడకి మూడోది.